మీ ఊరి విలేఖరికి స్టేషన్ నుంచి ఫోనొస్తే ఏం చెయ్యాలి

పత్రికా స్వేచ్ఛ అనగానే చాలామందికి ఢిల్లీ గుర్తొస్తుంది, లేదా టీవీలో నలుగురు కూర్చుని అరుచుకునే డిబేట్ గుర్తొస్తుంది. నేను పదేళ్లు ఒక మండలంలో కంట్రిబ్యూటర్‌గా, అంటే ఊరి విలేఖరిగా చేసినోణ్ణి కాబట్టి నాకు మాత్రం స్టేషన్ వరండాలో ఉండే సిమెంటు బెంచీ గుర్తొస్తుంది. ఏ మండలమో చెప్పను, ఏ పేపరో కూడా అనవసరం. రాత్రిపూట వాగులోంచి వెళ్లే ఇసుక ట్రాక్టర్ల మీద ఒక ఐటెం రాశా, జోన్ పేజీలో, అంటే మా ప్రాంతం వార్తల పేజీలో, ఫొటోతో సహా మూడు కాలాలు వచ్చింది, పొద్దున టీ కొట్టు దగ్గర నలుగురు బాగా రాశావన్నారు, పదిన్నరకల్లా ఫోనొచ్చింది. "అన్నా, సార్ ఒకసారి రమ్మంటున్నారు, ఏం లేదు, ఊరికే మాట్లాడ్డానికే."

వెళ్లా. ఇంట్లో కూడా చెప్పకుండా వెళ్లా, అదే మొదటి తప్పు. ఫోన్ టేబుల్ మీద పెట్టమంటే మారు మాట్లాడకుండా పెట్టేశా, అది రెండోది. సాయంత్రం నాలుగింటిదాకా ఆ బెంచీ మీదే. కేసు లేదు, నోటీసు లేదు, కనీసం కాగితం ముక్క లేదు, సారేమో బయటికెళ్లారు వస్తారు అంటారు. చివరికి ఎవరో చెప్తే మా ఊరి రిటైర్డ్ మాస్టారు ఒక పదిమందిని వెంటేసుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నారు. నినాదాలు లేవు, గొడవ లేదు, ఆయన జేబులోంచి ఆ రోజు పేపర్ తీసి నా ఐటెం ఉన్న పేజీ మడిచిపెట్టుకుని చదువుతూ కూర్చున్నారంతే. అరగంటలో నన్ను పంపించేశారు.

ఆ తర్వాత ఇద్దరు లాయర్ల దగ్గర, యూనియన్ వాళ్ల దగ్గర అడిగి తెలుసుకున్నవి, నా తర్వాత వచ్చిన కుర్రాళ్లకి చెప్తూ వచ్చినవి ఇక్కడ రాస్తున్నా. నేను లాయర్ని కాదు, కాబట్టి అసలు కేసు నెత్తిన పడితే లాయర్ని కలవాల్సిందే, కానీ లాయర్ వచ్చేలోపు ఉండే ఆ రెండు మూడు గంటలున్నాయే, అక్కడే అన్నీ చెడిపోతాయి.

ముందు ఇదంతా మనకెందుకు అనేవాళ్లకి ఒక మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. అది ఒక ఊరి గొడవగా అక్కడే ఆగిపోవాలి మామూలుగా అయితే. కానీ జిల్లా ఎడిషన్లలో వార్త వచ్చింది, పక్క ఊరి ఆడవాళ్లు చదివించుకుని విన్నారు, వాళ్లూ రోడ్డెక్కారు, దానికీ వార్త వచ్చింది, ఈనాడు అయితే ఆ ఉద్యమానికి ఏకంగా ఒక పేజీయే కేటాయించింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం. తర్వాత నిషేధం ఏమైందనేది వేరే కథ, నేననేది ఏంటంటే ఓటు అయిదేళ్లకోసారి, మధ్యలో ఒక ఊరి మాట ఇంకో ఊరికి చేరేది వార్త మీదే, ఆ వార్త రాసేది నెలకి ఇంత అని జీతం కూడా సరిగా లేని, సెంటీమీటర్ల లెక్కన డబ్బులొచ్చే స్ట్రింగరే. వాడు భయపడి రాయకపోతే ఆ ఊళ్లో ఏం జరిగిందో కలెక్టర్‌కీ తెలీదు, పక్క ఊరికీ తెలీదు.

చట్టం సంగతి ఎక్కువ లాగను. మన రాజ్యాంగంలో పత్రికా స్వేచ్ఛ అని విడిగా ఆర్టికల్ లేదు, 19(1)(ఎ)లో అందరికీ ఉన్న భావప్రకటనా స్వేచ్ఛే పత్రికలకీను. అంటే మీకు నాకు ఎంత హక్కో ఎడిటర్‌కీ అంతే, ఎక్కువా లేదు తక్కువా లేదు. 1950లోనే మద్రాసు రాష్ట్రం (అప్పటికి మన కోస్తా, సీమ దాంట్లోనే ఉన్నాయి) క్రాస్‌రోడ్స్ అనే పత్రికని రానివ్వకుండా ఆర్డరిస్తే రమేశ్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మరుసటేడే రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి ఆంక్షల లిస్టు పెంచారనుకోండి. ఆ లిస్టు 19(2)లో ఉంటుంది, మీ మీద కేసు పెట్టాలంటే దాంట్లో ఏదో ఒకదానికి తగిలించాలి, 'నాకు కోపమొచ్చింది' అనేది ఆ లిస్టులో లేదు.

ఇక పనిలోకి వద్దాం. కాపాడుకోవడం అనేది వార్త వచ్చాక మొదలవదు, వార్త రాసేముందే మొదలవుతుంది. ఎవరి మీద రాస్తున్నామో వాళ్ల వివరణ అడగాలి, ఫోన్‌లో అడిగి ఊరుకోకుండా ఒక మెసేజ్ కూడా పెట్టాలి, టైంతో సహా అది మీ దగ్గర ఉంటుంది. జవాబు రాకపోతే రాలేదనే రాయండి. వీడియో తీస్తే ఒరిజినల్ ఫైలు అలాగే ఉంచాలి, వాట్సాప్‌లో పంపిందీ ఎడిట్ చేసిందీ కాదు, కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టు, ఇంకోచోట కాపీ పెట్టి. రేపు కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యం పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, ఫైలు మారలేదని చూపించాలి. ఆఫీసు రికార్డు కావాలంటే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది, దరఖాస్తుకి ఎక్కువలో ఎక్కువ 10 రూపాయలు, జవాబుకి 30 రోజులు. అలా వచ్చిన కాగితం పట్టుకుని రాసిన ఐటెం మీద కేసు పెట్టడం, 'స్థానికులు ఆరోపిస్తున్నారు' అని రాసిన ఐటెం మీద పెట్టినంత తేలిక కాదు.

ఇక్కడో చేదు మాట. ఆగస్టు 15కీ జనవరి 26కీ యాడ్ టార్గెట్లుంటాయి కదా, ఆ యాడ్ ఇచ్చేది ఎవరు, సర్పంచి, కాంట్రాక్టరు, ప్రైవేటు కాలేజీ ఓనరు. నాలుగు నెలల తర్వాత రాయాల్సింది వాళ్ల మీదే. అప్పుడు స్టేషన్ నుంచి ఫోన్ రానక్కర్లేదు, ఆఫీసు నుంచే వస్తుంది. పోలీసు ఒత్తిడి గురించి అందరం మాట్లాడతాం, దీని గురించి మాత్రం ప్రెస్ క్లబ్‌లో కూడా గొంతు తగ్గించి మాట్లాడతాం. దీనికి నా దగ్గర మంత్రం లేదు, ఒకటే చేసేవాణ్ణి, యాడ్ కోసం వెళ్లిన చోట వార్త గురించి మాట్లాడను, వార్త కోసం వెళ్లిన చోట యాడ్ మాట ఎత్తను. సగం సార్లు పనిచేసింది.

సరే, ఫోనొచ్చింది. "ఊరికే రమ్మంటున్నారు" అన్నారు. మీరు అడగాల్సింది ఒక్కటే, "ఏ విషయంలో సార్, నోటీసు ఇవ్వండి వస్తాను." మర్యాదగానే అడగండి, వాదన వద్దు. సాక్షిగా పిలవాలన్నా రాతపూర్వకంగా పిలవాలి, అది బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులొచ్చిన చట్టం) సెక్షన్ 179, పాత 160. ఆడవాళ్లనీ, 15 ఏళ్లలోపు వాళ్లనీ, 60 దాటినవాళ్లనీ, దివ్యాంగుల్నీ ఆ సెక్షన్ కింద స్టేషన్‌కి రమ్మనకూడదు, వాళ్లే ఇంటికొచ్చి అడగాలి. నిందితుడిగా పిలిస్తే 35(3) నోటీసు, పాత 41ఏ. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చాలదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. మీకు పీడీఎఫ్ వస్తే కంగారుపడి పరిగెత్తొద్దు, అలాగని పట్టించుకోకుండా కూడా ఉండొద్దు, లాయర్‌కి పంపండి.

నోటీసు చేతికొచ్చాక చూడాల్సినవి. పైన క్రైమ్ నంబర్ ఉందా? ఉంటే ఎఫ్‌ఐఆర్ అయినట్టు, సున్నితమైన కేసులు తప్ప మిగతావి 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016 నుంచి సుప్రీంకోర్టు ఆర్డరుంది, తీసి చదవండి. సెక్షన్లేంటి? బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ బదులొచ్చిన చట్టం) 356 ఒక్కటే ఉంటే అది పరువునష్టం, అది పోలీసులు సొంతంగా ఎఫ్‌ఐఆర్ కట్టి దర్యాప్తు చేసే నేరమే కాదు, పరువు పోయిందనుకున్నాయన కోర్టుకెళ్లి ప్రైవేటు కంప్లయింట్ వేసుకోవాలి. అందుకే దానికి తోడు 196, 353 లాంటివి, అంటే వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం, పుకార్లు పుట్టించడం లాంటివి కలుపుతారు. ఇసుక ట్రాక్టర్ వార్త వల్ల ఏ రెండు వర్గాల మధ్య శత్రుత్వం పెరిగిందో, ట్రాక్టర్లకీ ఎడ్లబళ్లకీ మధ్యేమో నాకు తెలీదు. ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాలకి ముందు నోటీసే గానీ చటుక్కున అరెస్టు చెయ్యకూడదని 2014లో అర్నేశ్ కుమార్ తీర్పు ఉంది, కానీ నోటీసిస్తే మీరు తేదీకి హాజరవ్వాలి, అవ్వకపోతే అరెస్టుకి మీరే కారణం ఇచ్చినట్టు. వెళ్లేటప్పుడు ఒక్కరే వెళ్లొద్దు. లాయర్ దొరక్కపోతే ఒక పెద్దమనిషి, ఒక తోటి రిపోర్టర్. ఎన్నింటికి వెళ్లారు, ఎన్నింటికి వచ్చారు, గ్రూపులో మెసేజ్ పెట్టండి.

ఫోన్ సంగతి చాలా ముఖ్యం, ఎందుకంటే విలేఖరి ఫోన్ అంటే అతనొక్కడిదే కాదు, ఆ ఫోన్‌లో ఫొటో పంపిన వీఆర్వో ఉంటాడు, ఆడియో పంపిన ఆయమ్మ ఉంటుంది. మన దేశంలో సోర్సు పేరు చెప్పనక్కర్లేదని విలేఖరులకి రక్షణ ఇచ్చే ప్రత్యేక చట్టం లేదు. ప్రెస్ కౌన్సిల్ చట్టం 15(2)లో కౌన్సిల్ ముందు సోర్సు చెప్పమని బలవంతపెట్టకూడదని ఉంది గానీ, అది పోలీసులకీ కోర్టులకీ వర్తించదు. 2021లో పెగాసస్ (ఫోన్లలోకి దొంగచాటుగా చొరబడే సాఫ్ట్‌వేర్) కేసులో మాత్రం సోర్సుల రక్షణ పత్రికా స్వేచ్ఛకి చాలా ముఖ్యమని సుప్రీంకోర్టు అంది. అందుకని 'ఒకసారి ఫోనివ్వు చూసిస్తా' అంటే ఇవ్వక్కర్లేదు. ఇది బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 94 కింద రాతపూర్వక ఆర్డరా, సీజ్ చేస్తున్నారా అని అడగండి. సీజ్ చేస్తే పంచనామా ఉండాలి, దాంట్లో ఫోన్ మోడలు, ఐఎంఈఐ నంబరు, సిమ్‌లు, అప్పుడు ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా, సీలు వేశారా, అన్నీ రాయించండి, వీలైతే హ్యాష్ వాల్యూ కూడా, అంటే ఫోన్‌లో ఉన్న డేటాకి ఒక వేలిముద్ర లాంటిది, తర్వాత ఎవరైనా ఏదైనా కలిపితే అది మారిపోతుంది. అదే చట్టంలో సెక్షన్ 105 ప్రకారం సోదా, సీజ్ మొత్తం వీడియో తియ్యాలి. అది ఉంది కదా అని గుర్తుచెయ్యండి, గుర్తుచేస్తే చాలాసార్లు స్వరం మారుతుంది. పాస్‌వర్డ్ చెప్పాలా వద్దా అనేదాని మీద కోర్టులే ఇంకా ఒక్కమాట మీద లేవు, కాబట్టి లాయర్‌తో మాట్లాడి చెప్తాను అనడం ఒక్కటే మంచి జవాబు. వేలిముద్ర లాక్ మాత్రం ముందే తీసేసి అంకెల లాక్ పెట్టుకోండి, వేలు పట్టుకుని నొక్కించడం ఎంతసేపు పని.

అరెస్టే చేస్తే, కారణాలు రాతపూర్వకంగా అడగండి. న్యూస్‌క్లిక్ అనే వార్తా వెబ్‌సైట్ ఎడిటర్ ప్రబీర్ పుర్కాయస్థని 2023 అక్టోబర్‌లో ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కింద అరెస్టు చేశారు కదా, ఆ కారణాలు రాసివ్వలేదనే ఒక్క పాయింటు మీద 2024 మే 15న సుప్రీంకోర్టు ఆ అరెస్టు చెల్లదంది. 2025 నవంబర్‌లో ఇంకో తీర్పులో ఇది అన్ని నేరాలకీ వర్తిస్తుందనీ, నిందితుడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలనీ చెప్పారు. అంటే తెలుగోడికి తెలుగులో. ఇంట్లో ఒకరికి కబురు చెయ్యాలి, 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందుంచాలి. లాయర్‌కి డబ్బుల్లేకపోతే న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100, మహిళలకీ ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితం. చాలామంది స్ట్రింగర్లకి ఈ నంబరు తెలీదు, పేపర్లో దీని గురించి వార్త రాసినవాళ్లకి కూడా.

ఇప్పుడు అసలు విషయం, పాఠకులు. నా అనుభవంలో విలేఖరి ఓడిపోయేది సెక్షన్ వల్ల కాదు, ఒంటరి అవ్వడం వల్ల. మరి మన దగ్గర ఒంటరి ఎందుకవుతాడంటే 'వాడు ఆ పేపరోడు కదా' అని. మన రెండు రాష్ట్రాల్లో ఏ పేపర్ ఏ పార్టీదో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు, అందుకని ఓడిపోయిన పార్టీ వాళ్లకి మాత్రమే పత్రికా స్వేచ్ఛ గుర్తొస్తుంది, అది కూడా ఓడిన అయిదేళ్లే. లెక్క చూడండి. 1983లో మండలిలో గొడవ మీద ఈనాడు 'పెద్దల గలభా' అని హెడ్డింగ్ పెడితే సభాహక్కుల పేరుతో 1984లో ఎడిటర్ రామోజీరావుని అరెస్టు చేసి తెమ్మనేదాకా వెళ్లింది, సుప్రీంకోర్టు స్టే ఇస్తే ఆగింది. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ కేబుల్‌లో ఆగిపోయాయి. 2019 అక్టోబర్‌లో ఏపీలో జీవో 2430 వచ్చింది, తప్పుడు వార్త అనుకుంటే ఏ శాఖ కార్యదర్శైనా కేసు పెట్టొచ్చని, అలాంటిదే 2007లో జీవో 938 తెచ్చి వెనక్కి తగ్గిన చరిత్ర ఉన్నా సరే. 2021లో టీవీ5, ఏబీఎన్ మీద రాజద్రోహం కేసు పెడితే సుప్రీంకోర్టు ఆపింది. 2024 జూన్‌లో ఏపీలో ప్రభుత్వం మారగానే ఈసారి నాలుగు ఛానళ్లు కేబుల్‌లో మాయం, టీవీ9 విషయంలో ఢిల్లీ హైకోర్టు పునరుద్ధరించమని చెప్పాల్సి వచ్చింది. 2025 మార్చిలో హైదరాబాద్‌లో ఇద్దరు మహిళా జర్నలిస్టుల అరెస్టు. అదే ఏడాది జూన్‌లో డిబేట్‌లో గెస్టు అన్న మాటకి యాంకర్ కొమ్మినేని శ్రీనివాసరావుని అరెస్టు చేస్తే నాలుగు రోజుల్లో సుప్రీంకోర్టు విడుదల చెయ్యమంది, ఎవరో అన్నదానికి నవ్వితే నేరమా అని అడిగింది. ఇది చదువుతూ మీలో సగంమంది ఒక సగానికి తలూపి రెండో సగానికి 'అది వేరే' అనుకుని ఉంటారు. ఆ 'అది వేరే' దగ్గరే అసలు చిక్కంతా ఉంది.

కాబట్టి మొదటి పని, మీకు నచ్చని పేపర్ విలేఖరి విషయంలో మాట్లాడండి. మీ పార్టీవాణ్ణి వెనకేసుకొచ్చినప్పుడు ఎవరూ వినరు, వాడెలాగూ అలాగే అంటాడులే అనుకుంటారు. అవతలి పేపర్‌ని ప్రతిరోజూ తిట్టే మనిషి వచ్చి 'వార్త తప్పయితే ఖండన ఇవ్వండి, మనిషిని బెంచీ మీద కూర్చోబెట్టడమేంటి' అంటే దానికి బరువుంటుంది. మా మాస్టారు మా పేపర్ చందాదారు కాదు, ఇంకో పేపర్ చదివేవారు. ఆ రోజు నా ఐటెం కోసం బస్టాండ్‌లో కొనుక్కొచ్చారు.

ఛానల్ కేబుల్‌లో ఆగితే ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టి వదిలెయ్యకండి, ఆపరేటర్ కస్టమర్ కేర్‌కి కంప్లయింట్ ఇచ్చి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు తీసుకోండి, జవాబు రాకపోతే నోడల్ ఆఫీసర్‌కి. నేను డబ్బు కట్టిన ఛానల్ రావట్లేదు అని వినియోగదారుడిగా అడగండి, రాజకీయం మాటెత్తకండి. 'సాంకేతిక లోపం' అంటారు, ఆ మాటే మెయిల్‌లో రాసివ్వమనండి. వందమంది దగ్గర అలాంటి మెయిళ్లుంటే కోర్టుకెళ్లేవాళ్లకి ఎంత ఉపయోగమో.

వార్త నిజంగానే తప్పయితే? తప్పులు జరుగుతాయి, నేనూ చేశా, ఒకసారి బతికున్నాయన్ని మృతుల లిస్టులో వేసేశా, పాపం ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. ముందు ఎడిటర్‌కి రాయండి, ఏ తేదీ ఏ పేజీ ఏ వాక్యం తప్పో, మీ దగ్గరున్న కాగితం జత చేసి. పట్టించుకోకపోతే ప్రెస్ కౌన్సిల్‌కి, దినపత్రిక అయితే వార్త వచ్చిన రెండు నెలల్లోపు. కౌన్సిల్ జరిమానా వెయ్యలేదు, మందలిస్తుంది, అభిశంసిస్తుంది, అంతే, కోరల్లేని పామని మేమే జోకులేసుకుంటాం, టీవీలు దాని పరిధిలోకి రావు కూడా. కానీ పోలీసు కేసు కాకుండా ఇంకో దారి ఉందని చూపించడానికైనా పనికొస్తుంది, పైగా అధికారులే పత్రికని ఇబ్బంది పెడితే విలేఖరి కూడా అదే కౌన్సిల్‌కి రాయొచ్చు.

చివరిగా, ఎవరినైనా తీసుకెళ్లారని తెలిస్తే గ్రూపులో పెట్టాల్సిన మెసేజ్ ఎలా ఉండాలంటే: పేరు, ఏ పేపర్, ఎన్నింటికి ఎక్కడినుంచి తీసుకెళ్లారు, ఏ స్టేషన్, నోటీసు చూపించారా, ఏ వార్త గురించి, లాయర్ బయల్దేరాడా, ఇంట్లోవాళ్లకి ఎవరు చెప్పారు. అంతే. 'అన్నకి అండగా' అని ఫొటో మీద పూలదండలు దీపాలు పెట్టిన పోస్టర్లు దయచేసి వద్దు, మా కొలీగ్ ఒకతనికి అలా పెడితే వాళ్లమ్మ చూసి పోయాడేమో అనుకుని పడిపోయింది. మెసేజ్ పెట్టాక ఇంట్లో ఉన్న ఆ రోజు పేపర్ తీసుకుని స్టేషన్‌కి వెళ్లండి, ఎదుటి బెంచీ ఖాళీగానే ఉంటుంది.